దేశం పోవడం అంటే

డాక్టర్ ఆ ప్రశ్న హిందీలో అడిగాడు. మీ ఖాన్‌దాన్‌లో ఇలాంటి జబ్బు ఎవరికైనా ఉందా, తాతలకో, చిన్నాన్నలకో, మేనమామలకో? మా తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. మరదలు అంతకంటే వేగంగా ఊపింది. నేనయితే నోరు తెరిచి "ఎవరికీ లేదు" అన్నాను. ముగ్గురం నిజమే చెబుతున్నామనుకున్నాం.

ఆ ప్రశ్న మాతో వచ్చిన నాలుగోవాడి గురించి. వాడు మా తమ్ముడి కొడుకు, నా మేనల్లుడు, ఇరవై రెండేళ్లవాడు. కుడిచేతి బొటనవేలిని ఎడమ గుప్పిట్లో దాచుకుని, గోడకున్న స్విచ్చుల వైపు చూస్తూ కూర్చున్నాడు. కొన్ని నెలలుగా వాడికి తిండి సరిగా లేదు, నిద్ర లేదు. గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని చెబుతున్నాడు. భుయ్యాడీహ్ బస్తీలో మా తమ్ముడి ఇంటి గోడ అవతల ఉన్నది పక్కవాళ్ల స్నానాల గది.

డాక్టర్ మెత్తని మనిషి. ఇది సైకోసిస్, లేని గొంతులు వినిపించే మనసు జబ్బు అన్నాడు. మొదటిసారి బయటపడింది కాబట్టి ఇప్పుడే మందు మొదలుపెట్టి మానకుండా వాడితే తేరుకునే అవకాశం బాగా ఉంది, ఆలస్యమైన కొద్దీ కష్టమవుతుంది అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటిల్లిపాదికీ ఉన్న పని ఒక్కటే. వాడి చేత మాత్ర మింగించాలి. చదివేవాళ్లకు చిన్న పనిలాగే కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది.

నేను ఇదే ఊళ్లో కద్మాలో ఉంటూ, బడిపిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. సభల్లో దెయ్యాల మీద, దిష్టిబొమ్మల మీద, ముహూర్తాల మీద గొంతు చించుకున్నదాన్ని. కారణం లేకుండా కార్యం లేదని పత్రికల్లో రాసి, కాదన్నవాళ్లను వదిలిపెట్టనిదాన్ని. అందుకే వాడి మాటల్లో తేడాను ఇంట్లో అందరికంటే ముందు విన్నా, దానికి బయట కారణం వెతుక్కున్నాను, జబ్బు అనుకోలేదు.

వాడు కాంట్రాక్టరు కింద మా ఊరి ఉక్కు ప్లాంటులో పని చేసేవాడు. కొలిమి లోపలి పాత ఇటుకలు పీకి కొత్తవి పేర్చే పని. గేటు దగ్గర బొటనవేలు పెడితే హాజరు పడే యంత్రం ఒకటి ఉంటుంది. ఇటుకలు పట్టి పట్టి వేలిగీతలు అరిగిపోయినవాళ్లను అది గుర్తుపట్టదు. ఎర్ర లైటు వెలుగుతుంది. అలా కొన్నాళ్లు వరసగా వెలిగితే, సూపర్‌వైజరు నవ్వులాటకు "తూ తూ నహీ హై రే" అన్నాడట, నువ్వు నువ్వు కావురా అని. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారట. మావాడూ నవ్వాడట.

వాడు ఇది నాకు చెప్పినప్పుడు నేను మండిపడ్డాను. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే యంత్రం మాట నమ్మడమేమిటని ఒక వ్యాసం రాశాను. అందులో ఒక్క వాక్యం కూడా ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. అయితే నా వాక్యమూ వాడి వాక్యమూ ఎక్కడ విడిపోయాయో నాకు తర్వాత తెలిసింది. యంత్రం తప్పు చెప్పిందని నేను. యంత్రం నిజమే చెప్పిందని వాడు. "నా వేలు పెట్టుకుని ఎవరో లోపలికి వెళ్తున్నారు అత్తా. మై బాహర్ రహ్ గయా," అన్నాడు. నేను బయటే ఉండిపోయాను అని. పని దొరకని కుర్రవాళ్ల తరం గురించి ఎంత చక్కగా చెప్పాడనుకున్నాను. కవిత్వమనుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టర్ అడిగిన మిగతా ప్రశ్నలకు మాత్రం మా దగ్గర జవాబులున్నాయి. పుట్టుకలో ఇబ్బంది పడ్డాడా? పడ్డాడు, ఏడవకుండా నీలంగా పుట్టాడు. గంజాయి తాగుతాడా? స్నేహితులతో సువర్ణరేఖ నది ఒడ్డున తాగుతున్నాడని ఈ మధ్యే తెలిసింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడా? ఈ ప్రశ్నకు మా తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు. సొంత ఊరు వదిలి వచ్చిన కుటుంబమా, ఇరుకు బస్తీయా, రాత్రి షిఫ్టులా? అన్నీ అవును. ఒక్కొక్క ప్రశ్న వెళ్లి మాలో ఒక్కొక్కరి నెత్తిన కూర్చుంది.

మా తమ్ముడు కొలిమి దగ్గరే ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. ఒక విడత కరిగిన ఉక్కును వాళ్లు హీట్ అంటారు. "ఒక హీట్ చెడిపోతే ఖనిజం చెడ్డదో, కోక్ బొగ్గు చెడ్డదో, ల్యాబ్ వాళ్లు శాంపుల్ తీసి చెప్పేస్తారు కదా డాక్టర్ సాబ్, వీడిలో ఏం చెడ్డదో మీరు చెప్పలేరా?" అని అడిగాడు.

డాక్టర్ చిన్నగా నవ్వాడు. ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవి, అంతే అన్నాడు. ఇందులో ఏ ఒక్కటీ చాలదు. ఇవన్నీ ఉన్నా జబ్బు రానివాళ్లు మీ వీధిలోనే బోలెడుమంది ఉంటారు, ఏవీ లేకుండా వచ్చినవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు అన్నాడు. దోషిని వెతక్కండి, మందు వెయ్యండి అన్నాడు.

దోషిని వెతకొద్దంటే వినే ఇల్లు ఉంటుందా? మేం ఆటో దిగకముందే మొదలైంది.

"నాను ముందే సెప్పినాను," అంది మరదలు. "ఏటి ఒడ్డున కూకుని ఆ గంజాయి గుంటలతో తిరగనీకండి అని. ఇన్నారేటి?"

"గంజాయి నిన్న మొన్నటిది. ఆడు పుట్టడమే నీలంగా పుట్టినాడు. డాక్టరు అదీ అడిగినాడు కదా," అన్నాడు తమ్ముడు.

"నీలంగా పుట్టించింది నానేటి? నొప్పులొత్తన్నాయి బండి తెండి అంటే, గేటు కాడ టీ తాగుతూ ఫుట్‌బాల్ కబుర్లు సెప్పుకున్నదెవులు?"

"ఎన్నిసార్లు ఎత్తుతావే ఆ టీ?"

"పోనీ, బెల్టు తీసి కొట్టింది కూడా నానేనేటి?"

అప్పటికి ఇంటి గుమ్మంలోకి వచ్చాం, తమ్ముడు చెప్పులు విప్పడానికి వంగాడు. నేను మధ్యలో దూరి, ప్రమాదం వేరు, కారణం వేరు అని డాక్టర్ చెప్పినదాన్ని విడమరిచి చెప్పబోయాను.

"నీ ఉపన్యాసాలు సభలో సెప్పుకో వదినా," అంది మరదలు. "ఇయాల ఈ ఇంట్లో పొయ్యి కూడా ఎలగనేదు."

వీధిలో అప్పటికే ఒక మాట మొదలైంది. మా ఊళ్లో రాంచీ అంటే రాజధాని కాదు, అక్కడి పిచ్చాసుపత్రి, ఒక తిట్టు. ఎవడైనా తిక్కగా మాట్లాడితే రాంచీ పంపించమంటారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, రాంచీ అయితే తనకు తెలిసినవాళ్లున్నారని ఎంతో ప్రేమగా చెప్పింది. ఇంకొకాయన, నది అవతల ఓఝా ఒకడున్నాడని, ఎలాంటి దెయ్యాన్నయినా వేపమండలతో దించేస్తాడని చెప్పాడు. మరదలు చీర కూడా మార్చుకుంది వెళ్లడానికి. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మందు పడవలసిన రోజుల్లో వేపమండల దెబ్బలు తినిపించడం పిల్లవాడి మీద నేరమన్నాను. ఆ భూతవైద్యుడు తన ఇంట్లో జ్వరం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడో కనుక్కోమన్నాను. నేను గట్టిగా మాట్లాడితే నిలబడగలిగేవాళ్లు మా చుట్టాల్లో తక్కువ. ఆవిడ ఆ చీరతోనే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వాదం నేనే గెలిచాను.

అలా గెలిచిన వారంలోనే మా చిన్నమ్మ వచ్చింది. మా నాన్న తమ్ముడి భార్య. ఊళ్లోనే అగ్రికోలో కూతురి దగ్గర ఉంటుంది. ఎనభై దాటినా ముఖాన పావలా అంత బొట్టు పెట్టుకుంటుంది. పిల్లవాడికి బాగాలేదంటే చూసిపోదామని ఆటోలో వచ్చింది. వాడు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, మధ్యలో ఆగి గోడకు చెవి పెడుతున్నాడు. చిన్నమ్మ కుర్చీలో కూర్చోకుండా చాలాసేపు చూసింది.

"ఒరే నాయనా, ఈడిని బాగా కనిపెట్టుకోండి," అంది మా తమ్ముడితో. "దేశం పోతాడు."

తమ్ముడు చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఏ దేశం చిన్నమ్మా? సాక్చీ బజారుకి ఎల్లాలంటేనే బయపడతన్నాడు. ఈడికి దుబాయి వీసా ఎవులిత్తారు?"

"దుబాయేట్రా సన్నాసీ! మీ చిన్నాన్న దుబాయి ఎల్లినాడేటి?"

"చిన్నాన్న రూర్కెలా కదా," అన్నాను నేను.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "రూర్కెలా అని నీకెవులు సెప్పినారు?"

ఆలోచిస్తే ఎవరూ చెప్పలేదు. మా వైపు కుటుంబాల్లో దేశం పోవడం అంటే పొట్టచేత పట్టుకుని ఊరు వదలడం. మా తాత ఓడెక్కి సముద్రం దాటి రంగం పోయి వచ్చాడు. అదీ దేశం పోవడమే. మా నాన్న, ఆయన తమ్ముడు శ్రీకాకుళం నుంచి రైలెక్కి ఇక్కడ దిగారు. ఊళ్లో మిగిలినవాళ్లకు వాళ్లూ దేశం పోయినవాళ్లే. నా చిన్నతనంలో ఒకనాటి నుంచి చిన్నాన్న కనపడకపోతే, ఏడీ అని అడిగాం. దేశం పోయాడన్నారు. అప్పుడు మా వీధిలో చాలామంది కొత్తగా పెట్టిన ప్లాంటులో పనికి రూర్కెలా మారుతున్నారు. అందుకని మేం పిల్లలం ఆయన్ని కూడా రూర్కెలా రైలెక్కించేశాం. వచ్చేటప్పుడు ఏం తెస్తాడో అనుకుని కొట్టుకునేవాళ్లం కూడా.

"కొలిమిలోంచి ఎవులో పేరెట్టి పిలుత్తన్నారనీవోడు," అంది చిన్నమ్మ. "అన్నంలో ఏదో కలిపేత్తన్నానని నన్ను అనుమానించీవోడు. గోడకి ఇలాగే సెవి ఎట్టీవోడు. ఒకనాడు పొద్దున్న డూటీకని సొక్కా ఏసుకుని ఎల్లినాడు. సెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మీ నాన్న స్టేషన్లన్నీ ఎతికినాడు, ఆసుపత్రులు ఎతికినాడు. ఆపైన దేశం పోనాడనీసుకున్నాం."

"అది జబ్బు కదా చిన్నమ్మా. పిచ్చి అని ఒక్కరయినా ఎందుకు అనలేదు?"

"అంటే నీకు పెళ్లయ్యుండునేటే?" అంది చిన్నమ్మ.

మాటల అర్థాల మీద, మాటల మోసాల మీద నేను ఎన్నో రాశాను. ఈ మాట మాత్రం నా చెవి పక్కనే అరవై ఏళ్లు కూర్చుంది, నేను దాన్ని తిప్పి చూడలేదు. చూడడానికి ఏముంది? అది మా అందరి చరిత్ర. వలస వచ్చినవాళ్ల మాటలో ఒక రోగి దాక్కుంటే ఎవరు కనిపెడతారు? మానసిక వ్యాధి ఎవరికైనా ఉందా అని డాక్టర్ అడిగితే లేదన్నాం. మీలో దేశం పోయినవాళ్లున్నారా అని అడిగి ఉంటే, ఇంటికొకరు అని గర్వంగా చెప్పేవాళ్లం. అప్పుడూ చిన్నాన్నను ప్లాంటులో పనిచేసేవాళ్ల లెక్కలోనే వేసేవాళ్లం.

చిన్నమ్మ టీ తాగి వెళ్లిపోయింది. మరదలు ఖాళీ కప్పు తీస్తూ, "అయితే మీ రగతమేనన్నమాట," అంది. అందులో కోపం లేదు. ఇరవై రెండేళ్లుగా నెత్తిన మోస్తున్న బిందెను కిందికి దించినట్టు అంది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఒళ్లెరగక నిద్రపోయింది. మా తమ్ముడు వెళ్లి వీధిలో సైకిలు పక్కన నిలబడ్డాడు. వంశంలో ఉన్నంత మాత్రాన అందరికీ రాదని, వచ్చినవాడికి కూడా అదొక్కటే కారణం కాదని తమ్ముడికి చెప్పడానికి వెళ్లాను. "తెలుసప్పా," అన్నాడు. తర్వాత, "నా రగతం, నా బెల్టు. రెండూ నావే," అన్నాడు. నా దగ్గరున్న సరైన మాటలన్నీ వాడికి ముందే తెలుసు. ఒక్కటీ వాడికి పనికి రాలేదు.

ఇదంతా తలుపు పక్కన నిలబడి విన్న మనిషి ఇంకొకరున్నారు. నా మేనకోడలు, పిల్లవాడి చెల్లెలు, ప్లస్ టూలో బయాలజీ చదువుతోంది. మా తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఎక్కువగా హిందీలోనే ఇస్తుంది. నాతో ఆటో స్టాండ్ దాకా నడిచింది. దారిలో అడిగింది. "అత్తా, ముఝే భీ హోగా క్యా?" నాకూ వస్తుందా?

ఎక్కువమందికి రాదు అన్నాను. నిజమే చెప్పాను.

"ఆ ఎక్కువమందిలో నేనున్నానా?"

పిల్లలకు నిజం దాచకూడదని ఎన్నో వేదికలెక్కి చెప్పినదాన్ని. ఇప్పుడు కూడా దాచడం లేదు. దాచడానికి నా దగ్గర నిజం ఉంటే కదా. నిద్ర సరిగా పోమ్మా, ఎవరు ఇచ్చినా గంజాయి ముట్టుకోకు, మనసుకు ఏదైనా తేడాగా అనిపిస్తే ఆ రోజే నాకు చెప్పు అన్నాను. ఆ పిల్ల ఆటోవాడికి నేను దిగవలసిన చోటు చెప్పి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

తర్వాతిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు చిన్నాన్న సంగతి డాక్టర్‌కు చెప్పాను. నా గొంతులో కొంత ఉత్సాహం ఉండి ఉంటుంది. తప్పిపోయిన కారణాన్ని పట్టి తెచ్చానన్న ధీమా అది. ఆయన శ్రద్ధగా విన్నాడు, రాసుకున్నాడు, తెలియడం మంచిదే అన్నాడు. చీటీ తిప్పి చూశాను. అదే మాత్ర, అంతే మోతాదు. కారణం తెలిస్తే సగం జబ్బు నయమైనట్టేనని నేను ఎంతమంది పిల్లలకు చెప్పానో. ఇక్కడ కారణంలో ఒక ముక్క దొరికింది, జబ్బు ఎక్కడున్నది అక్కడే ఉంది.

మొదట్లో కొన్ని రోజులు మాత్ర వేసుకున్నాడు. గోడ కొంచెం ఊరుకుందని చెప్పాడు. తర్వాత బుగ్గన పెట్టుకుని ఉమ్మేయడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ పప్పులో నూరి కలిపింది, డాక్టర్ వద్దన్నా. వాడు కనిపెట్టాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం మానేశాడు. అరటిపళ్లు తనే కొనుక్కుని, తొక్క తనే తీసుకుని తింటున్నాడు. బలవంతం చేద్దామంటే మా తమ్ముడు చెయ్యెత్తలేడు. ఆ చెయ్యి ఇంక లేవదు. బాగా ముదిరితే చేర్చుకుంటామని డాక్టర్ అన్నాడు. ముదిరేదాకా కూర్చుని ఎదురు చూడటమేనా?

ఇంట్లో వాడు ఇంకా నమ్మేది నన్నొక్కదాన్నే. అందుకని రోజూ పొద్దున్నే కద్మా నుంచి వెళ్తున్నాను. మొన్న నేను మాత్ర, నీళ్లు పట్టుకుని నిలబడితే, వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. ముఖం తేటగా ఉంది.

"అత్తా, డిబేట్ కర్తే హై," అన్నాడు. "నువ్వు గెలిస్తే మింగేస్తా. ప్రామిస్."

వాణ్ణీ చెల్లెల్నీ స్కూలు పోటీలకు తయారుచేసింది నేనే. చెల్లెలు జడ్జి అన్నాడు. ఆ పిల్ల పుస్తకం మూసి గడపలో కూర్చుంది. నాకు ఆశ పుట్టింది. వాదం అంటే నా ఇలాకా.

"లోపలికి వెళ్తున్నవాణ్ణి నువ్వు చూశావా?" అన్నాను.

"నువ్వు అణువుని చూశావా?"

"అణువుకు ప్రయోగాలున్నాయి."

"నాకూ ఉంది. రోజూ అదే వేలు, అదే మెషీన్, అదే ఎర్ర లైటు. ఎన్నిసార్లు వస్తే సబూత్ అంటావు అత్తా? నువ్వే చెప్పావు కదా, మళ్లీ మళ్లీ చేసినా అదే వస్తే రుజువని."

"ఇటుకలు పట్టి వేలిగీతలు అరిగాయిరా. నీ ఒక్కడివే కాదు, అందరివీ."

వాడు దానికోసమే ఎదురు చూస్తున్నట్టు ముందుకు వంగాడు.

"అదే అడుగుతున్నా. అందరివీ అరిగాయి. నాతో తాగినవాళ్లందరూ తాగారు. బస్తీలో అందరి నాన్నలూ కొట్టారు. చిన్నతాత దేశం పోతే చెల్లికీ ఆయన తాతే. మరి గొంతులు నాకే ఎందుకు? మేరే కో హీ క్యూఁ, అత్తా?"

గెలవాలని అడిగిన ప్రశ్న కాదు అది. వాడి కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. జవాబు చెప్తే నిజంగా మింగేసేవాడు. నాకు తెలిసినవన్నీ ఒక్కొక్కటే నాలుక దాకా వచ్చాయి. అన్నీ డాక్టర్ చెప్పినవే, అన్నీ సరైనవే, ఒక్కటి కూడా వాడడిగిన దానికి జవాబు కాదు. తెలియదురా అన్నాను. ఎవరికీ ఇంకా తెలియదు. తెలియకపోయినా ఈ మందు పనిచేస్తుంది అన్నాను.

"అంటే నమ్మమంటున్నావు," అన్నాడు.

ఇద్దరం చెల్లెలి వైపు చూశాం. ఆ పిల్ల పుస్తకం అంచు గోటితో గీకుతూ కూర్చుంది. అత్త గెలిచిందని ఒక్క అబద్ధం చెబితే చాలు, వాడు మాట తప్పేవాడు కాదు. చెప్పమ్మా, చెప్పెయ్ అని నేను లోపల మొత్తుకుంటున్నాను. 

"భయ్యా గెలిచాడు," అంది, తల ఎత్తకుండా.

వాడు సంబరపడలేదు. లేచి వచ్చి, మాత్ర ఉన్న నా అరచేతిని తన రెండు చేతులతో మెల్లిగా మూశాడు.

"నువ్వు వేసుకో అత్తా," అన్నాడు. "నీకు నిద్ర ఉండట్లేదు."

వంటింట్లోంచి మరదలు అడుగుతోంది, "మింగీసినాడేటి వదినా?" మళ్లీ అడిగింది. గిన్నెల చప్పుడు ఆపి, జవాబు కోసం ఆగింది.